మనసు మోసే బరువు భుజాలకెక్కితే ఏ మర్దన మేలు? ఇంటి నూనె నుంచి ఫిజియో దాకా

పోయిన సంక్రాంతికి మా అక్క కడప నుంచి అనంతపురం వచ్చింది. పండగ పనులన్నీ అయ్యాక రాత్రి తలకు కాస్త నూనె పెట్టమని నా ముందు కింద కూర్చుంది. జడ విప్పి మెడ పక్కన వేళ్లు పెడితే లోపలికి దిగలేదు. మెడకూ భుజానికీ మధ్య కండ పప్పుండలాగా గట్టిగా ఉంది. "ఇదేందక్కా, ఇట్ల బిగుసుకుపోయింది?" అన్నాను. "అదెప్పుడూ అంతేలే మే. నొప్పి అలవాటైపోయింది" అంది.

బావ పదకొండేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. ఇక్కడ ఇద్దరు పిల్లల చదువు, అత్తకు షుగరు మందులు, మామకు మతిమరుపు, చీటీ డబ్బులు, చుట్టాల పెళ్లిళ్లలో చదివింపులు, అన్నీ అక్క తలలోనే ఉంటాయి. మనకు రాత్రి పదకొండయ్యేసరికి అక్కడ ఎనిమిదిన్నర. డ్యూటీ దిగి బావ ఫోన్ చేస్తాడు. ఇక్కడి కష్టం చెబితే అక్కడ ఆయనకు నిద్ర పట్టదని, అక్క గొంతు సవరించుకుని "అంతా బాగున్నాం" అంటుంది. ఫోన్ పెట్టేసేసరికి భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి. ఆ సంగతి తనకు తెలియదు. పక్కన కూర్చుని చూసిన నాకు తెలిసింది.

నా పరిస్థితీ అంతకంటే మెరుగేం కాదు. మా మామగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో నేను, అక్క, మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లునొప్పులకు మర్దన కోసం ఇంచుమించు అన్ని దారులూ తొక్కాం. ఏది ఎవరికి కుదురుతుందో, ఏది ఎందుకు కుదరదో ఇక్కడ రాస్తున్నాను.

## బరువు మనసులోది అయితే నొప్పి ఒంట్లో ఎందుకు?

ఇంట్లో ఎవరికేం కావాలో, ఎవరు ఏ మాటకు నొచ్చుకుంటారో, రేపటికి ఏది మర్చిపోకూడదో రోజంతా కాచుకుని ఉంటాం. శరీరానికి ఈ కాపలా ఒక ప్రమాదంలాగే కనిపిస్తుంది. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు దెబ్బ కాచుకోవడానికన్నట్టు బిగుసుకుంటాయి. ప్రమాదం దాటిపోతే బిగువు సడలాలి. కానీ ఈ కాపలాకు సెలవు లేదు కాబట్టి కండ సడలదు.

ఊపిరి సంగతి చాలామంది గమనించరు. టెన్షన్‌లో ఊపిరి పైపైనే తీస్తాం. పొట్ట కదలదు, ఛాతీ పైభాగమే ఎగురుతుంది. అప్పుడు ఊపిరి లాగడానికి మెడ కండరాలు కూడా పనిలోకి దిగాల్సి వస్తుంది. మన తల బరువు 5 కిలోల దాకా ఉంటుంది. దాన్ని మోసే మెడకు ఈ పని కూడా తోడైతే సాయంత్రానికి పట్టేయక ఏం చేస్తుంది? అక్కడి నుంచి నొప్పి తలకెక్కి, నుదుటి చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు ఉంటుంది. రాత్రి పళ్లు కొరికేవాళ్లకు పొద్దున లేచేసరికి దవడ నొప్పి. నిద్ర చాలకపోతే మర్నాడు అదే నొప్పి రెండింతలుగా తెలుస్తుంది.

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అవి చేతులు కదిలిన నిమిషాలు. సంగటి గెలుకుతూ మామ మాత్ర వేసుకున్నాడో లేదో గుర్తుపెట్టుకోవడం ఏ లెక్కలోనూ రాదు.

మర్దన వల్ల బిగుసుకున్న కండ సడలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, ఒళ్లు కాపలా దిగి విశ్రాంతిలోకి జారుతుంది. నడుంనొప్పికి మర్దన మీద జరిగిన 25 పరీక్షలను కాక్రేన్ అనే సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసింది. కొద్దికాలానికి నొప్పి తగ్గుతుందని, అయితే ఆ ఆధారాలు అంత గట్టివి కావని తేల్చింది. నా అనుభవమూ అదే. రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. "ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయి" అని చెప్పేవాళ్లకు డబ్బులివ్వకండి. మర్దనతో అలాంటిదేమీ జరగదు.

## మర్దనకు వెళ్లకూడని నొప్పులు

పోలికలోకి దిగేముందు ఇది చదవండి. ఆడవాళ్లం ఏ నొప్పినైనా "పని ఎక్కువై" అని తోసేస్తాం.

ఛాతీలో బరువు, చెమట, వాంతి వచ్చినట్టుండటం, ఎప్పుడూ లేని నీరసం, వీటితో పాటు దవడకో చేతికో వీపుకో నొప్పి పాకితే నూనె సీసా వెతక్కండి. 108కి ఫోన్ చేయండి. గుండెపోటు ఆడవాళ్లలో చాలాసార్లు ఇలా తికమకగానే వస్తుంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంటే, జ్వరంతో మెడ వంగకపోతే, ఒక్కసారిగా తల పగిలిపోయేంత నొప్పి వస్తే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా మర్దన చేయించుకోవద్దు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఎంత గట్టిగా నొక్కుతున్నారో తెలియదు, కాబట్టి పాదాలకు నూనె మెల్లగా పూయడంతో ఆపాలి.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నీరసం, ఆయాసం, కాళ్లు లాగడం వీటిలో కొంత రక్తం తక్కువై వచ్చేదే. థైరాయిడ్, డి విటమిన్, బి12 లోపాలు కూడా ఇలాగే ఉంటాయి. మర్దనకు డబ్బు దాచేముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి. మా అక్కకు హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు సగం ఒళ్లునొప్పులు వాటంతటవే పోయాయి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ఖర్చు, దూరం అందరూ చూసేవే. నేను వాటికంటే ముందు చూడమనేది ఇంకొకటి ఉంది. ఆ అరగంటలో మీరు ఇంకెవరి గురించీ పట్టించుకోకుండా ఉండగలరా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మొత్తం దీని మీదే నిలబడి ఉంది. మర్దన చేస్తున్న మనిషి చేతులు నొప్పి పుడుతున్నాయేమోనని మీరు బాధపడుతుంటే, లోపలి గదిలో ముసలాయన పిలుస్తాడేమోనని చెవి అటే వేసి ఉంటే, ఇన్ని డబ్బులు పెట్టానే అని గుండె కొట్టుకుంటుంటే, కండ ఎంత పిసికినా సడలదు. మనసు కాపలాలోనే ఉంటుంది. ఖరీదైన మర్దన చేయించుకుని కూడా తలనొప్పితో ఇంటికొచ్చిన రోజులు నాకున్నాయి.

రెండోది, వారానికి ఒకసారైనా కొనసాగేదేనా అన్నది. ఏడాదికోసారి చేయించుకునే పెద్ద మర్దన కంటే వారం వారం పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. మూడోది, చేసే చెయ్యి. నేర్చుకున్న చెయ్యా, మీ ఒంటి మీద మీకు నమ్మకంగా అనిపించే చెయ్యా, తలుపు వేసుకునే చోటు ఉందా? ఇందులో మొహమాటం వద్దు. నొప్పి ఎక్కడుంది, ఎన్నాళ్లుగా ఉంది అన్నది కూడా చూడాలి. ఆరువారాలు దాటిన నొప్పికి ఇంటి నూనె ఒక్కటే చాలదు.

## ఒక్కో దారినీ చూద్దాం

### మీ చెయ్యే మీకు

ఖర్చు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, తలుపు వేసుకుంటే చాలు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, మన అనంతపురం ఇళ్లలో ఎప్పుడూ ఉండే చెనిక్కాయ నూనె, ఏదైనా పనికొస్తుంది. జారడానికి నూనె కావాలి, పని చేసేది వేళ్లు. కొత్త నూనె అయితే మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి, దురద రాకపోతే వాడండి. మే నెల ఎండల్లో నువ్వుల నూనె చిరాకు పెడుతుంది, అప్పుడు కొబ్బరి నూనె నయం.

పది నిమిషాల్లో అయ్యే పద్ధతి ఇది. ముందు గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన తువాలు మెడ మీద రెండు మూడు నిమిషాలు వేసుకోండి. తర్వాత కుడిచేత్తో ఎడమ భుజం పైకండను పట్టుకుని, చపాతీ పిండి పట్టుకున్నట్టు మెల్లగా నొక్కి వదలండి. నొక్కేటప్పుడు ఊపిరి వదలాలి. రెండో వైపు కూడా అంతే. పళ్లు బిగిస్తే చెంప వెనక ఉబ్బే కండ ఉంటుంది చూడండి, దాని మీద రెండు వేళ్లతో గుండ్రంగా తిప్పండి, నోరు కొద్దిగా తెరిచి పెట్టుకోండి. చివర్లో పాదాలు. వీపు అందదు కాబట్టి టెన్నిస్ బంతిని గోడకూ వీపుకూ మధ్య పెట్టి అటూ ఇటూ కదలండి. బంతి వెన్నెముక మీదికి రాకూడదు, పక్క కండ మీదే ఉండాలి. మెడ ముందుభాగం, గొంతు పక్కల ఎప్పుడూ నొక్కొద్దు.

చిక్కు ఏమిటంటే ఇది ఇంకో పని అయిపోతుంది. పొద్దున్నుంచి అందరికీ చేసిన చేతులే మళ్లీ మీకూ చేయాలి. సంగటి గెలికి, జొన్నరొట్టెలు తట్టి నొప్పెక్కిన మణికట్టుతో భుజం పిసుక్కోవడం అందరివల్లా కాదు. నూనె కాళ్లతో బాత్‌రూంలోకి వెళ్లి జారిపడిన వాళ్లను కూడా చూశాను. పాదాలకు చివర్లో రాసుకుని, పాత గుడ్డతో తుడుచుకున్నాకే లేవండి.

### ఇంట్లోవాళ్ల చెయ్యి

కుదిరితే ఇంతకు మించింది లేదు. మనవాళ్ల చెయ్యి తగిలితే ఒళ్లు నమ్మి వదిలేస్తుంది. అయితే అడగడంలోనే ఉంది కష్టమంతా. అత్త కాళ్లు ఒత్తిన కోడలు తన భుజం ఒత్తమని ఎవరినడుగుతుంది? కూతురిని అడిగితే "పరీక్షలున్నాయి పాపం" అని మనమే వెనక్కి తగ్గుతాం. భర్తను అడగాలంటే సిగ్గు. ఒకవేళ చేసినా, ఆ తర్వాత అతనికి కాఫీ పెట్టాలన్న ధ్యాసలో ఉంటాం.

దీనికి మేం కనిపెట్టిన మందు మార్పిడి. అక్కకు ఎదురింటామె, ఆమెకు అక్క. ఒకరికి పదిహేను నిమిషాలు, వెంటనే రెండోవారికి పదిహేను. గడియారం పెట్టుకుని. ఎవరూ ఎవరికీ రుణపడరు. చేసేవాళ్లకు రెండు మాటలు ముందే చెప్పాలి. నొప్పి పదికి అయిదు దాటకూడదు, "చాలు" అంటే ఆగిపోవాలి. బొటనవేలితో పొడవకుండా అరచేత్తో చేస్తే చేసేవాళ్ల చెయ్యి కూడా పాడవదు.

నడుంనొప్పికి బోర్లా పడుకుని పిల్లల చేత తొక్కించుకోవడం మన ఇళ్లల్లో మామూలే. నలభై దాటినవాళ్లు అది మానేయండి. పిల్లవాడి మడమ వెన్నెముక మీద పడిందంటే తెచ్చుకున్న నొప్పి ఉన్న నొప్పిని మించుతుంది.

### బాలింతలకు నీళ్లు పోసే పెద్దామె

ఊళ్లలోనూ కర్నూలు, కడప పాతవీధుల్లోనూ ఇంకా దొరుకుతారు. పిల్లలకు నలుగు పెట్టి, బాలింతకు ఒళ్లంతా నూనె రుద్ది, మరుగునీళ్లు పోస్తారు. కాన్పు లేకపోయినా అడిగితే వస్తారు. మీ ఇంటికే వస్తుంది, ఆడమనిషి, ఏళ్ల తరబడి చేసిన చెయ్యి. పసిపిల్లతో నిద్ర లేక, పాలు చాలుతున్నాయో లేదోనని కుమిలే కొత్త తల్లికి, తనను కూడా పసిపిల్లలా చూసే మనిషి దొరకడం చాలా పెద్ద సంగతి. నా రెండో కాన్పుకు వచ్చినామె నా వీపు రుద్దుతూ "నువ్వు మాట్లాడొద్దు, కండ్లు మూసుకో" అనేది. అంతకుముందు చాలా నెలల్లో నాతో అలా అన్నవాళ్లు లేరు.

జాగ్రత్తలు లేకపోలేదు. చెయ్యి గట్టిది. సిజేరియన్ అయితే కుట్లు మానేదాకా పొట్ట మీద చెయ్యి వేయనివ్వొద్దు, మిగతా ఒంటికి కూడా డాక్టరును అడిగాకే. నీళ్ల వేడి మీరే చూసుకోండి. వచ్చిన మనిషి వీధి కబుర్లన్నీ చెబుతుంటే కొందరికి ఆటవిడుపు, కొందరికి ఇంకో భారం. మీరు రెండో రకమైతే మొదటిరోజే చెప్పేయండి.

### బ్యూటీపార్లర్

పట్నంలో అన్నిటికంటే దగ్గర ఇదే. హెడ్ మసాజ్, భుజాల మసాజ్ అరగంటలో అవుతుంది. ఇల్లు వదిలి బయట కూర్చుంటాం కాబట్టి ఎవరూ పిలవరు. నా మొదటి కొలత ప్రకారం ఇది బాగానే నిలుస్తుంది. తలనొప్పి, కళ్ల చుట్టూ బరువు ఉన్నవాళ్లకు తల మర్దన చాలా హాయి.

చెయ్యి మాత్రం ఎవరిదో ఏమో. ఒకసారి నేను ఫేషియల్‌కని వెళ్తే, అక్కడి అమ్మాయి "నెక్ కూడా చేస్తా ఆంటీ" అని మెడను ఒక్కసారిగా పక్కకు తిప్పి టక్కుమనిపించింది. ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు మెడ తిప్పలేకపోయాను. తప్పు ఆ పిల్లది కూడా కాదు, ఎవరూ నేర్పలేదు. మెడను విసురుగా తిప్పితే మెదడుకు వెళ్లే రక్తనాళం చిట్లే ప్రమాదం అరుదుగానైనా ఉంది. కూర్చోగానే "మెడ విరవొద్దు, నొక్కితే చాలు" అని చెప్పండి.

### ఆయుర్వేద అభ్యంగం

వెచ్చని నూనెతో ఒళ్లంతా ఒక వరసలో చేసే మర్దన ఇది. తల, చెవులు, పాదాల మీద ప్రత్యేకంగా చేస్తారు, తర్వాత ఆవిరి పడతారు. నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధార నిద్రపట్టని వాళ్లకు చెబుతారు. మా వీధిలో ఒక టీచరమ్మకు ఏడు రోజులు చేయించాక నిద్ర దారిలో పడింది. నూనె వల్లనా, ఏడు రోజులు రోజూ గంటసేపు కదలకుండా పడుకోవడం వల్లనా అని ఆమే అంటుంది. నా ఉద్దేశంలో రెండూ.

ముందు బీఏఎంఎస్ (ఆయుర్వేద వైద్య డిగ్రీ) చదివిన డాక్టరు చూడాలి, బీపీ కొలవాలి, ఏం జబ్బులున్నాయో అడగాలి. అడక్కుండా నేరుగా బల్ల మీద పడుకోబెట్టే చోట ఆగకండి. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారా, ఒక సిట్టింగుకు ఎంత, ప్యాకేజీ మొత్తం ముందే కట్టాలా అని ఫోన్‌లోనే కనుక్కోండి. ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలన్నిటిలో మర్దన ఏర్పాటు ఉండదు, వెళ్లేముందు అడగండి. జ్వరం, అజీర్తి ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే అభ్యంగం చేయించుకోకూడదు. పని మానుకుని వెళ్లాలి, వచ్చాక తలంటు పోసుకోవాలి, పూట పోతుంది. ఖర్చు కూడా ఎక్కువే కాబట్టి నెలనెలా చేయించుకోవడం మధ్యతరగతి ఇంటికి కష్టం.

### ఫిజియోథెరపీ

ఒకే చోట నెలల తరబడి నొప్పి ఉంటే, చెయ్యి పైకెత్తలేకపోతే, మెడనొప్పి చేతిలోకి దిగుతుంటే ముందు ఇక్కడికే రండి. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివినవాళ్లు ఏ కండరం పట్టేసిందో, ఏది బలహీనపడిందో చూసి చేస్తారు. కాపడం, మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనే మిషను, చేత్తో మర్దన, వ్యాయామాలు అన్నీ కలిసి ఉంటాయి. మర్దన ఇచ్చే హాయి రెండు రోజుల్లో కరిగిపోతుంది, వ్యాయామం ఇచ్చే బలం నిలుస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో, అనంతపురం సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో ఓపీ చీటీ రాయించుకుని డాక్టరుకు చూపిస్తే ఫిజియోకు పంపుతారు. డబ్బు ఖర్చు లేదు, క్యూలో కూర్చునే ఓపిక కావాలి. ప్రైవేటులో అయితే త్వరగా అవుతుంది, సిట్టింగు సిట్టింగుకూ డబ్బు.

లోటు చెప్పాలంటే, చాలాచోట్ల తెర అడ్డం పెట్టిన బల్లే తప్ప గది ఉండదు. పక్క బల్ల మీద మాటలు వినిపిస్తుంటాయి. మనసు తేలికపడే చోటు కాదది. భుజం బాగుపడే చోటు.

### మిషన్లు

మసాజ్ గన్, మెడకు తగిలించుకునేవి, వైబ్రేటర్లు ఆన్‌లైన్‌లో కొనేస్తున్నారు. తొడలకు, పిరుదులకు, వీపు పక్క కండలకు పర్వాలేదు. మెడ ముందు, ఎముకల మీద వాడొద్దు. మా ఇంట్లో ఉన్నది మూడో నెల నుంచి అటక మీదే ఉంది. మనిషి చేతికి అది సాటి రాదు.

## ఒక్క చూపులో

| దారి | ఖర్చు | మనసుకు విశ్రాంతి | దేనికి బాగా పనికొస్తుంది | చూసుకోవాల్సింది |
|---|---|---|---|---|
| మీ చెయ్యి | లేనట్టే | తక్కువ | దవడ, పాదాలు, రోజువారీ బిగువు | ఇంకో పనిగా మారిపోవడం |
| ఇంట్లోవాళ్లు, ఎదురింటివాళ్లు | లేదు | రుణం లేకుంటే చాలా ఎక్కువ | మెడ, భుజాలు, వీపు | మొహమాటం, వెన్నెముక మీద ఒత్తిడి |
| నీళ్లు పోసే పెద్దామె | తక్కువ | ఎక్కువ | బాలింతలు, ఒళ్లంతా నొప్పులు | కుట్లు, నీళ్ల వేడి |
| పార్లర్ | మధ్యస్తం | ఎక్కువ | తల బరువు, కళ్ల అలసట | మెడ విరవడం |
| ఆయుర్వేదం | ఎక్కువ | చాలా ఎక్కువ | నిద్రలేమి, ఒళ్లంతా బిగువు | డాక్టరు చూశాకే |
| ఫిజియో | ప్రభుత్వాసుపత్రిలో లేదు | తక్కువ | పాతబడ్డ నొప్పి, చెయ్యి ఎత్తలేకపోవడం | మధ్యలో మానేయడం |

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

మంచంలో ఉన్న మనిషికి సేవ చేసేవాళ్లు. నాలాంటివాళ్లు. మనిషిని లేపి కూర్చోబెట్టేటప్పుడు నడుం, కుడి భుజం పోతాయి. ముందు ఫిజియో దగ్గరికి ఒక్కసారైనా వెళ్లి, రోగిని ఎలా పట్టి లేపాలో నేర్చుకోండి. మా మామగారికి చేయడానికి వచ్చిన ఫిజియో ఆ పద్ధతి నాకు చూపించాక నా నడుంనొప్పి సగం తగ్గింది. మర్దనకు మాత్రం ఇల్లు దాటి వెళ్లండి. ఆ గంట ఆయన్ను ఇంకెవరైనా చూసుకోవాలి. ఇంట్లోనే చేయించుకుంటే చెవి ఆయన గది దగ్గరే ఉంటుంది.

భర్త గల్ఫ్‌లోనో గుంటూరు మిరప కోతల్లోనో ఉన్నవాళ్లు. ఆదోని, కోసిగి వైపు నుంచి ఊళ్లకు ఊళ్లే వలస పోతాయి, పిల్లలతో, ముసలివాళ్లతో మిగిలేది కొందరు ఆడవాళ్లు. వాళ్లకు ఖర్చు కంటే తోడు ముఖ్యం. మార్పిడి మర్దన వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఒళ్లు సడలితే మాట కూడా సడలుతుంది, ఏడుపొస్తే రానివ్వండి. డ్వాక్రా మీటింగు అయ్యాక నలుగురు కూర్చుని మొదలుపెట్టినా చాలు.

బ్యాంకు, బడి, సచివాలయం ఉద్యోగాలు చేసేవాళ్లు. జనం కోపమంతా నవ్వుతూ మింగే ఉద్యోగాలివి. దవడ, తల, మెడ పడతాయి. వారానికోసారి పార్లర్‌లో తల మర్దన, రోజూ రాత్రి దవడకు మీ చెయ్యి, ఇవి రెండూ కలిపితే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. తలనొప్పికి మెడికల్ షాపు మాత్ర నెలలో పదిహేను రోజులు వేసుకుంటున్నారా? అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించొచ్చు. డాక్టరుకు చెప్పండి.

కూలిపనికి వెళ్లేవాళ్లు. చెనిక్కాయ చేలో రోజంతా వంగి కలుపు తీసి వచ్చిన ఒంటికి గట్టి మర్దన వద్దు. వేడినీళ్లు పోసుకుని, నూనెతో పైపైన రుద్దించుకుని పడుకోండి. నడుంనొప్పి కాల్లోకి దిగితే పెద్దాసుపత్రి ఫిజియో.

నలభై అయిదు నుంచి యాభై అయిదు మధ్య ఉన్నవాళ్లు. నెలసరి ఆగే వయసు. వేడి ఆవిర్లు, నిద్రలేమి, కీళ్లనొప్పులు, పిల్లల పెళ్లిళ్ల దిగులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. డబ్బు పెట్టగలిగితే ఏడాదిలో ఒక్కసారి ఆయుర్వేదం ఈ వయసులో పెట్టుకోవచ్చు. ఎముకల బలం ఎలా ఉందో చూపించుకున్నాకే.

వీటిలో ఏది చేసినా రెండు వారాలకు పైగా దిగులు తగ్గకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బతకాలని లేదన్న తలపు వస్తే, ఆ బరువు మర్దనతో దిగేది కాదు. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416. ఉచితం, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న తలపు వస్తే రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చేయండి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి చేయండి.

## మా అక్క ఏం ఎంచుకుంది

మొదట ఐరన్ మాత్రలు. తర్వాత భుజానికి రిమ్స్‌లో పది రోజులు ఫిజియో, అక్కడ నేర్పిన మూడు వ్యాయామాలు పొద్దున పాలు కాగేలోపు చేస్తుంది. ఆయుర్వేదం వద్దంది, "ఆ డబ్బుతో పిల్లకు స్కూలు బూట్లొస్తాయి అనుకుంటూ పడుకుంటే నాకేం నయమైతది?" అంది. నేను బలవంతం చేయలేదు, తన మనసు తనకు తెలుసు.

శనివారం రాత్రి ఎదురింటామెతో మార్పిడి. మొదటి రెండు వారాలు ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చునేది, మోగితే నూనె చేత్తోనే ఎత్తేది. ఇప్పుడు ఫోన్ కూతురి దగ్గర ఉంటుంది. పోయిన వారం నేను అక్కడే ఉన్నాను. పదకొండుకు బావ ఫోన్ వచ్చింది. పిల్ల ఎత్తి, "అమ్మ నూనె పెట్టించుకుంటాంది నాయనా, అరగంటాగి చెయ్" అని పెట్టేసింది. అక్క కళ్లు తెరవలేదు.